పెరట్లో ఆపిల్ సరే... తోట మాత్రం వద్దు

నర్సరీలో ఆపిల్ అంటు కనబడితే రైతుకు ఆశ పుట్టడం సహజం. కొబ్బరి ధర ఎప్పుడు పడిపోతుందో తెలియదు, ఓ అరెకరం ఆపిల్ వేస్తే పోలా అనిపిస్తుంది. డబ్బు పెట్టే ముందు ఈ చెట్టు గుణం తెలుసుకోవాలి.

ఆపిల్ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మొగ్గ మళ్ళీ మేలుకోవాలంటే చలి తగలాలి. కాశ్మీర్, హిమాచల్‌లలో పండే డెలిషియస్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు కావాలి. ఇజ్రాయెల్ రకం 'అన్నా'కు 200 నుంచి 300 గంటలు చాలు. కానీ అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో సంక్రాంతి రాత్రుల్లో కూడా అంత చలి ఉండదు.

"తెలంగాణలో కాసింది కదా!" అంటారు. నిజమే. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు 2020లో కాపు తీశారు. వేసింది తక్కువ చలి చాలే హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 రకం. పైగా అక్కడి చలి మనకు లేదు.

సరదాకు పెరట్లో పెంచాలంటే గింజ నాటవద్దు, తల్లి గుణాలు రావు. అంటు మొక్కలే తేవాలి. 'అన్నా' పక్కన పుప్పొడి కోసం 'డోర్సెట్ గోల్డెన్' మొక్క ఒకటి ఉండాలి. కొబ్బరి నీడ పడని మెరక చోట రెండడుగుల గొయ్యి తీసి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి మట్టిలో కలిపి నింపాలి. అంటు కట్టిన చోటు మట్టిపైనే ఉండాలి. వానాకాలంలో మొదట్లో నీరు నిలవకూడదు.

ఇండోనేషియాలోని బటు కొండ ప్రాంతంలో రైతులు కాపు కోసిన నెలకు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రలోకి పోకుండానే చిగురించి పూస్తుంది. కొమ్మలు వంచి కడితే పూత పెరుగుతుంది. మనం రెండేళ్ళు దాటిన చెట్టుకు డిసెంబరు చివర నీరు తగ్గించి, ఆకు దూసి, తరువాత తడి ఇచ్చి చూడవచ్చు. అయినా కాపు ఖాయమని చెప్పలేం.

కాబట్టి ఆపిల్ కోసం కాసే కొబ్బరి చెట్టును కొట్టవద్దు. రాబడికి కొబ్బరిలో అంతరపంటగా కోకో, అరటి, కంద ఉన్నాయి. కొత్త పంటకు అప్పు చేసే ముందు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఒక్కమాట అడగండి.