మనస్తత్వశాస్త్ర పత్రికలకు పరిశోధనా వ్యాసం: వ్రాతప్రతి రూపకల్పనలో పాటించవలసిన నియమాలు

వ్యవసాయ విస్తరణ పరిశోధనలో రైతుల వైఖరి, సాధనా ప్రేరణ, నష్టభయం వంటి మానసిక చరాలను కొలవడం సర్వసాధారణం. ఈ కొలతల మూలాలు మనస్తత్వశాస్త్రంలో ఉన్నాయి. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన వైఖరి మాపని నేటికీ విస్తరణ సిద్ధాంత గ్రంథాలలో విరివిగా కనిపిస్తుంది. అయితే ఇటువంటి అధ్యయనాన్ని మనస్తత్వశాస్త్ర పత్రికకు పంపదలచినప్పుడు సస్యశాస్త్ర పత్రికలకు అలవాటైన రూపం సరిపోదు. నిర్దేశిత రూపంలో లేని వ్రాతప్రతిని సంపాదకులు సమీక్షకు పంపకుండానే తిప్పి పంపే అవకాశం ఉంది.

శైలి నేపథ్యం

మనస్తత్వశాస్త్ర పత్రికలలో అధిక భాగం అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రూపొందించిన ఏపీఏ శైలిని అనుసరిస్తాయి. దీని తొలి రూపం 1929లో ‘సైకలాజికల్ బులెటిన్’లో ఏడు పుటల వ్యాసంగా వెలువడింది. ప్రస్తుతం అమలులో ఉన్న ఏడవ కూర్పు 2019లో వచ్చింది. పత్రిక తన రచయితలకు ప్రత్యేక సూచనలు ఇచ్చి ఉంటే, ఏపీఏ నియమాల కంటే వాటికే ప్రాధాన్యమివ్వాలి.

వ్రాతప్రతి అమరిక

శీర్షిక పుట, సారాంశం, ప్రధాన పాఠం, ఆధారాల సూచిక అనే ప్రతి భాగాన్నీ కొత్త పుటలో ప్రారంభించాలి. పట్టికలు, చిత్రాలను పాఠంలోనే ఇవ్వవచ్చు, లేదా ఆధారాల తరువాత చేర్చవచ్చు. నాలుగు వైపులా 2.54 సెం.మీ. ఖాళీ, వరుసల మధ్య రెట్టింపు ఎడం ఉండాలి. సారాంశం సాధారణంగా 250 పదాలకు మించరాదు. ప్రధాన పాఠం వ్యాస శీర్షికతోనే మొదలవుతుంది. ‘పరిచయం’ అనే ఉపశీర్షిక అవసరం లేదు. తరువాత పద్ధతి, ఫలితాలు, చర్చ వరుసగా వస్తాయి. పట్టికలలో నిలువు గీతలు ఉండరాదు.

రచయిత వివరాలు తెలియకుండా సమీక్ష జరిపే పత్రికలకు శీర్షిక పుటను వేరే ఫైలుగా పంపాలి. పేరు తొలగించినంత మాత్రాన గోప్యత పూర్తి కాదు. ‘మా విశ్వవిద్యాలయ నైతిక సంఘం’ అంటూ సంస్థ పేరు పేర్కొనడం, కృతజ్ఞతలు, ఫైలు లక్షణాలలో మిగిలిన పేరు కూడా రచయితను పట్టిస్తాయి.

తెలుగువారి పేర్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. ఆధారాల సూచికలో ఇంటిపేరు పూర్తిగా, వ్యక్తి పేరు పొడి అక్షరాలలో ఉంటుంది. ఒక వ్యాసంలో ఒక విధంగా, మరొక వ్యాసంలో మరొక విధంగా రాస్తే ఒకే రచయిత ఇద్దరుగా నమోదవుతారు. కనుక మొదటి ప్రచురణ నుండే ఒకే రూపాన్ని స్థిరపరచుకుని, ఆర్కిడ్ సంఖ్యను జతచేయడం మేలు.

పద్ధతి విభాగం

క్షేత్ర ప్రయోగంలో నేల స్వభావం, రకం, రెప్లికేషన్ల సంఖ్య ఎంత ముఖ్యమో, ఇక్కడ పాల్గొన్నవారి ఎంపిక విధానం, సంఖ్య, వయస్సు, విద్య, నిరాకరించినవారి వివరాలు అంత ముఖ్యం. మాపనిలోని అంశాల సంఖ్య, మార్కులిచ్చే విధానం, ప్రస్తుత నమూనాలో దాని విశ్వసనీయత గుణకం తెలపాలి. ఆంగ్లంలోని మాపనిని తెలుగులోకి అనువదించి వాడినట్లయితే అనువాదం ఎవరు చేశారో, తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిచూశారో లేదో, ప్రశ్నలను రైతులే చదివారో, పరిశోధకుడు చదివి వినిపించాడో స్పష్టం చేయాలి. చదివి వినిపించినప్పుడు పరిశోధకుని సమక్షం సమాధానాలను ప్రభావితం చేయగలదు. నైతిక అనుమతి, రైతుల సమ్మతి గురించి కూడా తప్పక పేర్కొనాలి. చిన్న గ్రామం పేరుతో పాటు భూమి విస్తీర్ణం, పదవి చెబితే రైతు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఇటువంటి వివరాలను మరుగుపరచాలి.

ఫలితాల నివేదన

సస్యశాస్త్ర పట్టికలలో ప్రామాణిక దోషం, 5 శాతం స్థాయిలో క్రిటికల్ డిఫరెన్స్ ఇచ్చి, తేడా లేనిచోట ‘ఎన్.ఎస్.’ అని రాయడం ఆనవాయితీ. మనస్తత్వశాస్త్ర పత్రికలు ఖచ్చితమైన పి విలువను, ప్రభావ పరిమాణాన్ని, విశ్వాస అంతరాన్ని కోరతాయి. కంప్యూటరు 0.000 అని చూపినప్పుడు దానిని అలాగే రాయకుండా ‘.001 కంటే తక్కువ’ అని రాయాలి. ఒకటిని మించలేని విలువలకు దశాంశ బిందువు ముందు సున్నా రాయరు. మించగల విలువలకు రాస్తారు.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలిద్దాం. శిక్షణ పొందిన 60 మంది, పొందని 60 మంది రైతుల వైఖరి మార్కులను పోల్చగా టి విలువ 2.31, స్వేచ్ఛాంశాలు 118, పి విలువ .023 వచ్చాయనుకుందాం. కోహెన్ డి 0.42, దాని 95 శాతం విశ్వాస అంతరం సుమారు 0.06 నుండి 0.78 వరకు ఉంటుంది. ‘సార్థకం’ అని మాత్రమే రాస్తే శిక్షణ ఫలించిందని పాఠకుడు భావిస్తాడు. ప్రభావం నామమాత్రం కావచ్చు, గణనీయం కావచ్చు అన్న నిజాన్ని విశ్వాస అంతరమే చెబుతుంది. ఆ శిక్షణను జిల్లా అంతటా విస్తరించాలా వద్దా అని నిర్ణయించవలసిన అధికారికి కావలసినది ఈ సమాచారమే.

ఆధారాల సూచిక

పాఠంలో ముగ్గురు లేదా అంతకు మించిన రచయితలుంటే మొదటి ప్రస్తావన నుండే మొదటి రచయిత ఇంటిపేరు, ‘తదితరులు’ అన్న సంకేతం, సంవత్సరం సరిపోతాయి. సూచికలో మాత్రం 20 మంది వరకు అందరి పేర్లూ ఇవ్వాలి. ఆధారాలను అక్షరక్రమంలో అమర్చి, డీఓఐ ఉన్నచోట పూర్తి అంతర్జాల చిరునామాగా చూపాలి.

ముగింపు

పంపే ముందు పాఠంలోని ప్రతి ప్రస్తావనను సూచికతోను, సారాంశంలోని ప్రతి అంకెను పట్టికతోను సరిచూడాలి. సహరచయితలలో విశ్లేషణ చేయని వారొకరు ఈ పని చేస్తే పొరపాట్లు త్వరగా బయటపడతాయి. పొలం పనులు మానుకుని సమాధానాలిచ్చిన రైతుల సమాచారం, రూపలోపం వల్ల సమీక్షకుని వరకు చేరకుండా నిలిచిపోరాదు.