తలుపు ఒకవైపే ఉన్న గొట్టం

సన్నని మూతిగల సీసాను ఎప్పుడైనా కడిగారా? అడుగున పేరుకున్న మడ్డి ఒక పట్టాన వదలదు. సీసా అడుగు కూడా మూతలాగా తెరుచుకుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది కదూ! ఒకవైపు నుంచి బ్రష్షు పెట్టి, రెండోవైపు నుంచి లాగేసేవాళ్ళం.

రైఫిలు గొట్టాన్ని శుభ్రం చేసేవారికీ ఇదే చిక్కు. కొన్ని రైఫిళ్ళ గొట్టానికి రెండువైపులా తలుపులుంటాయి. కొన్నిటికి ఒకవైపే ఉంటుంది. ఆ ఒక్క తలుపులోంచి పని కానివ్వడం వెనక మీ పాఠ్యపుస్తకంలోని రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం రెండూ దాగి ఉన్నాయి.

బోల్ట్ అంటే ఏమిటి?

మీలో ఎన్.సి.సి.లో చేరినవారు పాయింట్ 22 రైఫిలును చూసే ఉంటారు. దాని వెనక భాగంలో, తలుపు గడియలాగా ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు ముక్క ఉంటుంది. అదే బోల్ట్. తూటాను గొట్టంలోకి తోయడం, తూటా పేలేటప్పుడు వెనక దారిని గట్టిగా మూసి ఉంచడం దాని పనులు.

బ్రిటిష్, భారత సైన్యాలు చాలాకాలం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలులో బోల్ట్‌ను పనిముట్లేవీ లేకుండానే బయటికి లాగేయవచ్చు. అప్పుడు వెనకనుంచి కన్ను పెట్టి చూస్తే గొట్టం ఆ చివర వెలుతురు కనిపిస్తుంది. కడ్డీని కూడా అటునుంచే తిన్నగా దూర్చవచ్చు.

జాన్ గారండ్ రూపొందించగా అమెరికా సైన్యం 1936లో చేపట్టిన ఎం1 రైఫిలు సంగతి వేరు. అది ఒక తూటా పేలగానే తనంతట తానే మరొక తూటాను గొట్టంలోకి తోసుకుంటుంది. అందుకోసం దానిలో కదిలే భాగాలు ఎక్కువ. బోల్ట్‌ను తీయాలంటే ట్రిగ్గర్ భాగం, కర్ర దిమ్మ, స్ప్రింగు, నడిపే కడ్డీ ఒక్కొక్కటే ఊడదీయాలి. అంతా చేసినా, వెనక ఉక్కు గోడ అడ్డం ఉంటుంది గనక కడ్డీ అటునుంచి తిన్నగా దూరదు. మిగిలిన దారి ఒక్కటే: గుండు బయటికి వెళ్ళే మూతి.

నూనె కింద తుప్పు

అసలు శుభ్రం చేయకపోతే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. ఈ తుప్పు పూర్వం సైనికులను చాలా తికమక పెట్టింది. గొట్టం లోపల శ్రద్ధగా నూనె రాసినా, కొన్నాళ్ళకు చూస్తే ఆ నూనె కిందనే తుప్పు కనిపించేది! పొగలోని ఆమ్లాలే కారణమని కొందరు అనుకునేవారు.

కారణమేమిటో అమెరికాలోని బ్యూరో ఆఫ్ మైన్స్‌లో పనిచేసిన విల్బర్ట్ హఫ్ 1922లో తేల్చి చెప్పాడు. తూటా అడుగున చిన్న క్యాపు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే మేకు దానిని కొడుతుంది, నిప్పు పుడుతుంది. ఆ కాలపు క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. బడి ప్రయోగశాలలో ఆక్సిజన్ తయారుచేసేటప్పుడు మాంగనీస్ డయాక్సైడ్‌తో కలిపి వేడిచేసే పదార్థం ఇదే. ఆక్సిజన్ పోగా చివరికి మిగిలేది ఏమిటి? పొటాషియం క్లోరైడ్. అది మన వంట ఉప్పుకు దగ్గరి చుట్టం.

వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూశారు కదా. గొట్టంలోని ఈ ఉప్పు కూడా అలాగే గాలిలోని తేమను లాగుతుంది. ఉప్పునీరు, ఇనుము, గాలి ఒకచోట చేరితే ఇక తుప్పుకు కావలసిందేముంది? నూనె రాసినంత మాత్రాన ఉప్పు పోదు. ఎందుకంటే ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే అలాంటి తూటాలు వాడినప్పుడు ముందుగా వేడినీటితో కడిగేవారు. వేడినీరు ఉప్పును కరిగిస్తుంది, గొట్టాన్ని వేడెక్కించి తాను త్వరగా ఆరిపోతుంది. ఆ తరవాతే నూనె.

ఇనుమును కాపాడడానికి ఇనుమును నీటితో కడగడం! వింతగా ఉన్నా, నిజం.

తరవాత క్యాపుల్లో పొటాషియం క్లోరేట్‌కు బదులు సీసం కలిసిన పదార్థాలు వచ్చాయి. వాటితో ఉప్పు బెడద తప్పింది. కానీ సీసం విషం. కనక తుపాకీ శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడగనిదే ఏమీ తినకూడదు.

అన్నిటికన్నా సున్నితమైన చోటు

గొట్టం లోపల మరలాగా మెలితిరిగిన గాడులుంటాయి. ఎం1 రైఫిలులో వాటి లోతు మిల్లీమీటరులో పదోవంతు, అంటే దాదాపు ఒక కాగితం మందం. ఆ గాడులు గుండును బొంగరంలాగా తిప్పుతాయి. ప్రతి 25.4 సెంటీమీటర్లకు ఒక చుట్టు. గుండు వేగం సెకనుకు సుమారు 835 మీటర్లు. మరి సెకనుకు ఎన్ని చుట్లు? లెక్క కట్టండి. దాదాపు 3,300! తిరిగే బొంగరం పడిపోనట్లే, తిరిగే గుండు దారి తప్పదు.

గుండును గొట్టం చివరిసారిగా తాకేది మూతి అంచు దగ్గర. ఆ అంచు అన్నివైపులా ఒక్కలాగా ఉంటే, వెనకనుంచి తోసుకువచ్చే వాయువు గుండు చుట్టూ ఒకేసారి బయటికి చిమ్ముతుంది. ఒకవైపు అరిగి ఉంటే అక్కడ ముందుగా చిమ్మి, గుండు అడుగును పక్కకు నెడుతుంది. ఇక గురి తప్పినట్లే.

పల్లెల్లో పాత నూతి ఒరను చూడండి. రోజూ చేద తాడు రాసుకున్నచోట రాతికి గాడి పడి ఉంటుంది. మెత్తని తాడు రాతినే కోసినప్పుడు, మసి, ఇసుక రేణువులు అంటుకున్న కడ్డీ రోజూ ఒకేవైపు రాసుకుంటే మూతి అంచు ఏం కావాలి?

ఒక్క తలుపుతో పని ఎలా?

ఇందుకు రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, మూతికి చిన్న బిళ్ళలాంటి తొడుగు పెట్టడం. దాని మధ్య రంధ్రంలోంచి కడ్డీ తిన్నగా దిగుతుంది, అంచును తాకదు. మురికి ద్రవం కదిలే భాగాల్లోకి కారకుండా రైఫిలును బోర్లించి, మూతిని పల్లంగా ఉంచుతారు. కడ్డీని దూర్చిన ప్రతిసారీ తుడుస్తారు.

రెండోది పుల్ త్రూ. ఒక కొస బరువు కట్టిన తాడు ఇది. బోల్ట్‌ను తీయలేకపోయినా వెనక్కి లాగి నిలపవచ్చు కదా! ఆ సందులోంచి బరువును తూటా గదిలోకి జారవిడిస్తే అది మూతి దగ్గర తేలుతుంది. రెండో కొసకు గుడ్డముక్క తగిలించి లాగితే, మురికి గుండు వెళ్ళిన దారినే బయటికి వస్తుంది. ఎం1 వెనక దిమ్మలో ఇలాంటి తాడు దాచుకోవడానికి గూడు కూడా ఉంది. అయితే నూతి ఒరను మరవకండి. తాడును గొట్టానికి తిన్నగా లాగాలి, వంకరగా లాగితే అదీ అంచును అరగదీస్తుంది.

ఏ పద్ధతికైనా మొదటి మెట్టు ఒక్కటే. తూటా లేదని తీసి చూడడం, మరొకసారి చూడడం. ఎన్.సి.సి. విద్యార్థులు శిక్షకుడు దగ్గర లేకుండా ఏ ఆయుధాన్నీ ముట్టరాదు.

మీరే చేసి చూడండి

తుపాకీ లేకుండానే హఫ్ చెప్పినదాన్ని పరీక్షించవచ్చు. మూడు ఇనుప మేకులను గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. రెండిటిని చిక్కని ఉప్పునీటిలో ముంచి ఆరనివ్వండి. వాటిలో ఒకదానికి అలాగే కొబ్బరినూనె రాయండి. రెండోదాన్ని వేడినీటితో బాగా కడిగి, తుడిచి, అప్పుడు నూనె రాయండి. మూడోదానికి ఉప్పు తగలనివ్వక, నూనె మాత్రమే రాయండి. అడుగున కొంచెం నీళ్ళున్న గిన్నెలో, నీరు తగలకుండా చిన్న పళ్ళెంమీద మూడిటినీ ఉంచి మూత పెట్టండి.

పది రోజుల తరవాత మూత తీయండి. ఏ మేకు ఎర్రబడిందో చూసి, ఎందుకో మీ మాటల్లో నోటు పుస్తకంలో రాసుకోండి.