అమ్మమ్మ పాట.. డిస్కులో భద్రమేనా?

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇంటికి వెళ్తే కంప్యూటర్ పక్కన చిన్న పెట్టెలాంటి హార్డ్‌డిస్క్ కనిపించడం మామూలే. అందులో ఏముంటాయి? పెళ్లి వీడియో, తాతగారి ఫొటోలు, పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన అమ్మమ్మ పాటలు. పిల్లలు బడిలో వేరే భాష చదువుకునే చోట ఇంటి తెలుగుకు ఆ గొంతే ఆనవాలు. డిస్కు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. ఆ గొంతు ఏ బజార్లోనూ దొరకదు. అందుకే డిస్కు ఎన్ని టీబీలని అడిగేముందు, దాన్ని కంప్యూటర్‌కు ఎలా కలుపుతున్నామో చూసుకోవాలి.

నీలం రంగు చూడండి

2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. వాడకంలో వచ్చేది 30, 35 మాత్రమే. 100 జీబీల వీడియోలు ఎక్కించాలంటే దాదాపు గంట కూర్చోవాల్సిందే. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లు. దాంతో అదే పని ఇరవై నిమిషాల్లోపే అయిపోవచ్చు. ఆ పోర్టు లోపల సాధారణంగా నీలం రంగు ఉంటుంది. కొత్త డిస్కును పాత పోర్టుకు తగిలించి ‘స్లో’ అని తిట్టుకుంటే ఏం లాభం?

ఎడ్లబండికి ఆరు లైన్ల రోడ్డా?

థండర్‌బోల్ట్ 3 వేగం 40 గిగాబిట్లు. వినడానికి బాగుంటుంది. కానీ లోపల పళ్లెం తిరిగే మామూలు హార్డ్‌డిస్క్ ఇచ్చేదే సెకనుకు 100-150 మెగాబైట్లు. దానికి యూఎస్‌బీ 3.0 చాలు. ఎస్‌ఎస్‌డీ కొంటేనే అంతకు మించిన పోర్టు గురించి ఆలోచించాలి. టైప్-సీ అనగానే వేగం అనుకోవద్దు. ఫోన్ చార్జర్‌తో వచ్చే చాలా కేబుళ్లది యూఎస్‌బీ 2.0 వేగమే. డిస్కుతో ఇచ్చిన కేబులే వాడటం మేలు.

కరెంటే అసలు చిక్కు

చేతిలో ఇమిడే 2.5 అంగుళాల డిస్కు పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. అడాప్టర్ లేని హబ్‌కు తగిలిస్తే అది చాలక డిస్కు మధ్యలో ఆగిపోవచ్చు. డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టుకు నేరుగా పెట్టండి. 3.5 అంగుళాల డిస్కుకు వేరే అడాప్టర్ ఉంటుంది కాబట్టి కరెంటు కోతలున్న ఊళ్లో దాన్నీ యూపీఎస్‌కే కలపాలి.

ఫైర్‌వైర్, ఈ-శాటా పోర్టులు కొత్త కంప్యూటర్లలో కనిపించడం లేదు. అలాంటి డిస్కులుంటే, అవి పనిచేస్తుండగానే అందులోవి వేరే డిస్కుకు ఎక్కించేయాలి.

ఒక్క కాపీని నమ్మొద్దు

పని అయ్యాక ‘సేఫ్లీ రిమూవ్’ నొక్కకుండా డిస్కు లాగేస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా ఏదో ఒకరోజు డిస్కు మొరాయిస్తుంది. ఎంత మంచి కేబులైనా దాన్ని ఆపలేదు. రెండో కాపీ ఒక్కటే దిక్కు. అదీ అదే బీరువాలో ఉంటే లాభం లేదు. సంక్రాంతికి సరిహద్దు అవతల చుట్టాలింటికి వెళ్లేటప్పుడు అరిసెల డబ్బాతో పాటు ఓ డిస్కూ పట్టుకెళ్లండి. అమ్మమ్మ పాట వాళ్లూ వింటారు, రెండు చోట్లా భద్రంగా ఉంటుంది.