మీకు తెలుసా? ఈ గూడూరు నుంచి ఆ గూడూరు దాకా పిట్టల కోసం

• మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో మన గూడూరు ఉన్నట్టే నెల్లూరు వైపూ ఒక గూడూరు ఉంది. మనకు పాకాల చెరువు, భీమునిపాదం జలపాతం దగ్గర. వాళ్లకు పులికాట్ సరస్సు దగ్గర. చలికాలంలో దోస్తులంతా కలిసి రాత్రిపూట మహబూబాబాద్‌లో రైలెక్కితే పొద్దున్నే ఆ గూడూరులో దిగి, రోజంతా పిట్టల్ని చూసి, రాత్రి బండికి వెనక్కి రావచ్చు.

• ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది పులికాటే. దానికీ సముద్రానికీ నడుమ శ్రీహరికోట దీవి అడ్డు. సూళ్లూరుపేట నుంచి రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే సాగుతుంది. కాబట్టి పడవతో పనిలేదు, బండి దిగితే చాలు.

• అక్కడి రాజహంస తలకిందులుగా తింటుంది! ముందు కాళ్లతో బురదను తొక్కి కలుపుతుంది. తర్వాత మెడ వంచి, పైముక్కు నేలవైపు వచ్చేలా తలను నీళ్లలో ముంచుతుంది. నాలుక ఆగకుండా ఆడుతూ నీళ్లు లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచుల్లోని సన్నటి పళ్లు జల్లెడలా నాచునూ చిన్న చిన్న రొయ్యలనూ పట్టేస్తాయి. దాని గులాబీ రంగు కూడా ఆ తిండి పెట్టిందే. పిల్లలు బూడిదరంగులో పుడతాయి.

• నేలపట్టు పక్షుల కేంద్రం నాయుడుపేట దాటాక, దొరవారిసత్రం మండలంలో ఉంది. 1976లో ఏర్పడింది. చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ముక్కు కింది సంచితో చేపను నీళ్లతో సహా ఎత్తి, ముక్కును రొమ్ముకు ఆనించి నీళ్లు వంచేసి, అప్పుడు మింగుతాయి. పిల్లలకు ఆకలేస్తే తల్లి గొంతులోకే తల దూర్చి తింటాయి. కొత్తవాళ్లు చూస్తే తల్లే పిల్లను మింగేస్తోందని హడలిపోతారు. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువు.

• పెద్ద పిట్ట కనిపిస్తే చాలు, సైబీరియా నుంచి వచ్చిందనడం మనకు అలవాటు. ఈ గూడబాతులు ఈ దేశంలోనే పుట్టి పెరిగేవి. ఎర్రకాళ్ల కొంగలూ అంతే. రాజహంసలు గుడ్లు పెట్టే పెద్ద తావు గుజరాత్‌లోని కచ్ రణ్. నిజంగా హిమాలయాలు దాటి వచ్చేవాటిలో ఒకటి తల మీద రెండు నల్లచారలుండే బాతు. దాన్ని చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు, చలికాలంలో తెలంగాణ చెరువులకూ వస్తుంది.