చిన్న కుక్కల కండ్ల జబ్బులు: మూసిన కన్నును ఉపేక్షింపరాదు

వాకిట కావలి యుండు కుక్క యొక కన్ను మూసికొని కూర్చుండుట మనము తఱచు చూచుచుందుము. దుమ్ము పడినది కాబోలు, రెండు దినములలో అదియే తగ్గునని యూరకుందుము. నాటు కుక్క విషయమున ఒక్కొక్కప్పుడు అట్లే తగ్గవచ్చును. కాని నేడు మన గ్రామములకు వచ్చియున్న పగ్, షిట్‌జు, పొమేరియన్ మొదలగు చిన్న కుక్కలకు ఆ రెండు దినములలోనే కన్ను పోవుట కలదు. కావున వానిని పెంచువారు ఈ క్రింది సంగతులను తెలిసికొనుట యవసరము.

చిన్న కుక్కలకే యేల?

నాటు కుక్క మూతి పొడవు. దాని కనుగుడ్డు గుంటలో లోతుగా అమరియుండును. పగ్, షిట్‌జు కుక్కల మూతి పొట్టి. గుంట లోతు చాలదు. కనుగుడ్డు ముందునకు వచ్చియుండును. కొన్నింటికి నిద్రలో సయితము రెప్పలు పూర్తిగా కలియవు. పగ్ ముక్కుమీది మడతయందలి వెంట్రుకలు కంటిని రాచుచుండును. షిట్‌జు నొసటి జుట్టు కంటిలో పడును. పైగా ఇవి నేలకు దగ్గరగా తిరుగునవి గనుక కళ్లమున లేచు వడ్ల నూగు, కంచె ముల్లు, పిల్లి గోరు సులభముగా కంటికి తగులును.

కనుగుడ్డు ముందు భాగమున అద్దము వంటి పొర యొకటి కలదు. దాని మందము ఇంచుమించు అర మిల్లీమీటరు. దానిపై గీత పడి, అందు సూక్ష్మజీవులు చేరినచో, ఆ పొర కరగి చిల్లిపడుటకు ఒకటి రెండు దినములు చాలును. పుండు మానినను తెల్లని పువ్వు మిగిలి చూపును అడ్డగింపవచ్చును.

కన్ను చూచు విధము

దినమున కొకసారి, ఉదయమున అన్నము పెట్టునపుడు, వెలుతురులో కుక్క ముఖమును చూడుడు. రెండు కన్నులను పోల్చి చూచుట ముఖ్యము. ఆరోగ్యమైన కన్ను పూర్తిగా తెఱచుకొని తళతళలాడును. మూలను కొంచెము పుసి యుండుట దోషము కాదు.

కన్ను సగము మూయుట, నీరు కారుట, వెలుతురునకు తల త్రిప్పుకొనుట, కాలితో కంటిని గోకుట, ఇవి నొప్పికి గుర్తులు. కుక్క నొప్పి పుట్టినను అరవక పోవచ్చును; అన్నము తినుచునే యుండవచ్చును. కనుక అరుపునకై వేచియుండక, మూసిన కన్నునే దాని మొఱగా ఎంచవలయును.

ముఖ్యమైన జబ్బులు

1. పుండు: కన్ను మూతపడును, నీరు కారును, నల్లగ్రుడ్డుపై నీలపు మబ్బు కనబడును. వైద్యుడు ఫ్లోరెసిన్ అను రంగు చుక్కను వేసి చూచును. పుండున్నచోట ఆకుపచ్చని మరక నిలుచును.

2. కన్ను ఎండుట: కన్నీరు తగ్గి, జిగటగా చిక్కని పుసి పట్టును. ఎన్నిసార్లు తుడిచినను మరల వచ్చును. కన్ను మెఱుపు తప్పును. దీనిని సామాన్యమైన కండ్లకలక యని పొరబడుట కలదు. వైద్యుడు రెప్ప క్రింద కాగితపు ముక్క నుంచి ఒక నిమిషమున ఎంత తడిసినదో కొలుచును. 15 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని తడిసిన మంచిదే. 10కి లోపైనచో కన్నీరు చాలదని యనుమానింపవలయును. దీనికి సైక్లోస్పోరిన్ లేపనము కలదు. తఱచు జీవితాంతము వాడవలసి యుండును.

3. ఎఱ్ఱని కంతి: ముక్కువైపు మూలలో రేగుపండు వంటి కంతి బయటికి వచ్చును. పిల్లలలోను, పడుచు కుక్కలలోను ఎక్కువ. అది పులిపిరి కాదు. కుక్కకుండు మూడవ రెప్పయందలి కన్నీటి గ్రంథి. పూర్వము దానిని కోసివేయుచుండిరి. అట్లు కోసిన కుక్కలకు పిమ్మట కన్ను ఎండుట చూచి, నేడు దానిని తిరిగి లోపల కుదిర్చి కుట్టుచున్నారు.

4. నీటికాసులు: కనుగుడ్డులో ఒత్తిడి పెరిగి, కన్ను ఎఱ్ఱబడి, మబ్బు పట్టి, పాప పెద్దదియై యుండును. ఒకటి రెండు దినములలోనే చూపు శాశ్వతముగా పోవచ్చును.

5. శుక్లము: పాప నడుమ తెల్లనగును, కుక్క గోడకు, మంచపు కోడుకు తగులును. నీరు ఎక్కువ త్రాగుచు, మాటిమాటికి మూత్రము విడుచుచు, చిక్కిపోవు కుక్కకు శుక్లము వచ్చినచో మధుమేహ పరీక్ష చేయింపవలయును. ముసలి కుక్క కంటిలోని లేత నీలపు ఛాయ మాత్రము అన్నివేళల శుక్లము కాదు.

రెండు కన్నులును పుసిపట్టి, ముక్కు కారి, జ్వరమున్నచో డిస్టెంపర్ అను అంటురోగము కావచ్చును. ఇతర కుక్కలనుండి వేరుచేయుడు. పిడుదులు పట్టిన కుక్క కంటిలో నెత్తురు కనబడిన పిడుదు జ్వరమును అనుమానింపవలయును. టీకా లేని కుక్క స్వభావము మారి, చొంగ కార్చుచున్నచో, కన్ను చూతమని దగ్గరకు పోరాదు.

చేయదగినవి

కాచి చల్లార్చిన నీటిలోగాని, మందుల దుకాణమున దొరకు సెలైను నీటిలోగాని శుభ్రమైన దూదిని తడిపి, పుసిని మెల్లగా తుడువుడు. ఒక్కొక్క కంటికి వేరు దూది వాడుడు. సున్నముగాని, పురుగుమందుగాని పడినచో వెంటనే మంచినీటిని ధారగా పోయుచు కనీసము పావుగంట కడిగి, వైద్యుని కడకు కొనిపొండు. కన్ను గోకుకొనకుండ మెడకు గరాటు వంటి అట్ట కట్టవచ్చును. పట్టుకొనుటకు తువ్వాలులో చుట్టుడు; పొట్టి మూతి కుక్క మూతిని కట్టినచో ఊపిరి యాడదు.

పెద్ద కుక్క మెడ పట్టి విదిలించినపుడు పగ్ వంటివాని కనుగుడ్డు బయటికి వచ్చుట కలదు. దానిని లోనికి నొక్కరాదు. సెలైనుతో తడిపిన గుడ్డను కప్పి, ఆ క్షణమే బయలుదేరవలయును.

చేయరానివి

చనుబాలు, ఆముదము, ఉల్లిరసము, ఆకుపసరులు కంటిలో పోయరాదు. కంటిలో గ్రుచ్చుకొనిన ముల్లును స్వయముగా లాగరాదు.

అన్నిటికంటె ప్రమాదము, ఇంటిలో ఎవరికో వాడగా మిగిలిన కంటిచుక్కలను కుక్కకు వేయుట. వానిలో కొన్నింటియందు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉండును. అది ఎఱుపును తగ్గించును గనుక కన్ను బాగుపడినట్లు తోచును. కాని క్రింద పుండున్నచో దానిని మాననీయదు, పొర కరగుటకు తోడ్పడును. రంగు చుక్కతో పుండు లేదని తేలనిదే స్టెరాయిడ్ చుక్క వేయరాదు. మూత తీసి నెలదాటిన సీసాను మనుష్యులకును వాడక పాఱవేయుట మేలు.

ముందు జాగ్రత్త

కంటి చుట్టు జుట్టును పొట్టిగా కత్తిరింపుడు. ముక్కు మడతను తుడిచి పొడిగా ఉంచుడు. నూర్పిళ్లనాడును, మందు చల్లునాడును కుక్కను ఇంటి వద్దనే యుంచుడు. డిస్టెంపర్, పిచ్చికుక్క రోగముల టీకాలను కాలము తప్పక వేయింపుడు. పిడుదులను ఏరుచుండుడు.

ఎద్దు కుంటినచో ఆ దినమే పశువైద్యశాలకు తోలుకొని పోవుదుము. పని చెడునని మనకు తెలియును. కుక్క కన్ను మూసినపుడు మనకు ఆగిపోవు పని లేదు గనుక రేపటికి వాయిదా వేయుదుము. చెడునది దాని చూపు. ఉదయమున మూసిన కన్ను కనబడినచో ఆ దినమే వైద్యునికి చూపుడు.