స్వల్పకిరణముల వలని హానిని లెక్కించు విధము

క్రొత్త యెరువువలన ఎకరమునకు నాలుగు బస్తాలు పెరిగినచో గట్టుమీద నిలిచి చూచినను తెలియును. రెండు కుంచములే పెరిగినచో ఒక్క మడిని చూచి ఎవరు చెప్పగలరు? నేల, వాన, తెగులు ఆ భేదమును కప్పివేయును. అణుకిరణములు కొద్దిగా సోకిన దేహములయందును ఇదే చిక్కు.

1945లో హిరోషిమా, నాగసాకి పట్టణములపై పడిన బాంబులకు చిక్కి బ్రదికినవారిని వైద్యులు 1950 నుండి పరిశీలించుచు వచ్చిరి. మిక్కిలిగా కిరణములు సోకినవారిలో క్యాన్సరు హెచ్చుట స్పష్టము. ఆ లెక్కనే తిన్నని గీతవలె క్రిందికి దింపి స్వల్పమోతాదుల హానిని అంచనా వేయుదురు. 2006లో అమెరికా పండితసంఘ మొకటి తమ దేశీయులను గూర్చి యిట్లు గణించెను: నూఱుగురికి తలకు 100 మిల్లీసీవర్టులు సోకినచో దానివలన క్యాన్సరు వచ్చువాడు సుమారు ఒక్కడు, ఇతర కారణములచే వచ్చువారు నలువదిరెండుగురు. ఆ యొక్కనిని ఏరి చూపుట యెట్లు?

కేరళ తీరమున కరునాగపల్లి యిసుకలో థోరియము గలదు. అచ్చట సుమారు 70,000 మందిని పదేండ్లకు పైగా పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితములలో క్యాన్సరు హెచ్చినట్లు కనబడలేదు. ఇంతమాత్రమున హానియే లేదనువారితో మేము ఏకీభవింపము. చిన్న భేదమును పట్టుటకు అంతమందియు చాలకపోవచ్చును.

విఱిగిన చేతికి ఎక్సురే తీయుదుమన్న జంకవలదు. అందు మిల్లీసీవర్టులో నూఱవవంతైనను ఉండదు. కడుపునకు తీయు సి.టి. స్కానునకు మాత్రము పది మిల్లీసీవర్టుల వఱకు సోకవచ్చును. అది అవసరమా యని వైద్యుని నిస్సంకోచముగా అడుగుడు.