గ్రంథాలయంలో పిల్లల గది – మన అమ్మాయిలకో మంచి శిక్షణ

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఇంట్లో ఉన్న తల్లులకు ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తూ ఉంటుంది. అదే ఇంటర్న్‌షిప్. అంటే ఏదో ఒక చోట కొంతకాలం పనిలో ఉండి, చేస్తూ చేస్తూ ఆ పని నేర్చుకోవడమన్నమాట. మన రాష్ట్రంలో 2020–21లో డిగ్రీ చదువును మార్చినప్పుడు, మూడేళ్లలోనూ కలిపి పది నెలలు ఇలా పని నేర్చుకోవాలని నియమం పెట్టారు. అప్పట్నుంచీ పిల్లలంతా ఏ కంప్యూటరు కంపెనీలో చోటు దొరుకుతుందా, ఏ బ్యాంకులో రానిస్తారా అని తిరుగుతున్నారు. చోటు దొరకనివాళ్లు ఎక్కడో ఒక సర్టిఫికెట్టు సంపాదించి మమ అనిపించుకుంటున్నారు.

మన ఊళ్లోనే, బస్సు చార్జీ కూడా అక్కరలేనంత దగ్గర్లో, నిజంగా పని ఉండి చేసే మనిషి లేని చోటు ఒకటుంది. అదే గ్రంథాలయంలో పిల్లల విభాగం. దాన్ని గురించే ఈవేళ నాలుగు మాటలు చెప్పాలని.

‘గ్రంథాలయంలో నేర్చుకునేందుకేముందండీ? పుస్తకాలు దులిపి సర్దడమేగా?’ అని మీరనవచ్చు. ఇది ఒక విద్య అని లోకం గుర్తించి నూరేళ్లు దాటింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కేవలం పిల్లల గ్రంథాలయాల్లో పనిచేసేవారి కోసమే 1901లో ఒక శిక్షణాలయం పెట్టారు. అందులో చేరినవాళ్లు పాఠాలు వినడంతో సరిపెట్టుకోక, పిల్లల గదుల్లో కూర్చుని కథలు చెప్పి, పుస్తకాలిచ్చి పని నేర్చుకునేవారు. 1906లో న్యూయార్క్ గ్రంథాలయంలో పిల్లల పని చేపట్టిన ఆన్ కారల్ మూర్ అనే ఆవిడ, పిల్లలు పెద్ద పుస్తకంలో తమ పేరు తామే రాసి, పుస్తకాల్ని జాగ్రత్తగా చూసుకుంటామని మాట ఇచ్చే పద్ధతి పెట్టింది. పేరు రాయడం వచ్చిన ప్రతి పిల్లా, పిల్లడూ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లవచ్చు. పిల్లల్ని నమ్మడమే ఆవిడ చేసిన పని.

మనవాళ్లూ వెనకబడి లేరు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దల పూనికతో 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ మొదలుపెట్టింది. మద్రాసులో పనిచేసిన రంగనాథన్ గారు 1931లో ఈ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. అందులో మొట్టమొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికని. వినడానికి చాలా మామూలు మాటలాగుంది కదూ? కాని మన పిల్లల విభాగాల కష్టమంతా ఆ ఒక్క సూత్రం దగ్గరే ఉంది.

విజయనగరంలో జిల్లా కేంద్ర గ్రంథాలయం గురజాడవారి పేరుమీదనే ఉంది. శ్రీకాకుళంలోనూ జిల్లా గ్రంథాలయం ఉంది. అదే ఊళ్లో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. తెలుగు కథల్ని ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చి అక్కడ భద్రపరిచారు. పుస్తకాన్ని ఇంత గౌరవించే ప్రాంతం మనది. అయినా మీరు ఏ సాయంత్రమైనా ఒక శాఖా గ్రంథాలయంలోకి తొంగిచూడండి. ఒక బల్ల దగ్గర పెద్దవాళ్లు పేపర్లు చదువుతూంటారు. మిగతా బల్లలన్నిటిమీదా ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రవాళ్లు. మరి పిల్లలెక్కడ? చాలాచోట్ల వాళ్ల పుస్తకాలు మూల బీరువాలో తాళం వెనకాల ఉంటాయి.

గ్రంథపాలకుల్ని తప్పు పట్టి లాభం లేదు. పుస్తకం పోతే లెక్క చెప్పుకోవలసింది వాళ్లు. ఉన్న ఒక్క మనిషీ పేపర్లు వేయాలి, పుస్తకాలివ్వాలి, రిజిస్టర్లు రాయాలి. పదిమంది పిల్లలొచ్చి బీరువా మీద పడితే ఎవరు చూసుకుంటారు? అందుకని తాళం. ఆ బీరువా తెరుచుకోవాలంటే పక్కన ఒక మనిషి కూర్చోవాలి. శిక్షణకు వెళ్లే అమ్మాయి ఆ మనిషి కాగలదు.

ఇంకో సంగతి. ఆ పుస్తకాలు ఎవరో దానం చేసినవి కావు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. కూరగాయల బేరంలో రూపాయి వదలనివాళ్లం, ఆ ఎనిమిది పైసల సంగతి ఎప్పుడైనా అడిగామా?

ఇక అక్కడ పని ఎలా ఉంటుందో చెబుతాను.

మొదటి వారం రోజులూ పుస్తకాలతోనే పరిచయం. కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో వరస సంఖ్య, పేరు, రచయిత, వెల రాస్తారు. ముద్ర వేస్తారు. వెన్నుమీద చీటీ అంటిస్తారు. ఆ చీటీమీద అంకె డ్యూయీ అనే ఆయన 1876లో చేసిన విభజన ప్రకారం వేస్తారు. జానపద కథలకు 398, జంతువుల సంగతులకు 590, జీవిత చరిత్రలకు 920, ఇలాగ. మనం పోపులపెట్టెలో ఆవాలు ఒక గిన్నెలో, మెంతులు ఒక గిన్నెలో పోసుకోమూ? అలాంటిదే. అయితే ఆరేళ్ల పిల్లకి అంకెలతో పని లేదు. అందుకని కథలకు ఎర్ర చీటీ, సైన్సుకు ఆకుపచ్చ చీటీ, బొమ్మల పుస్తకాలకు పసుపు చీటీ అని రంగులు పెడితే, వాళ్లే తీసుకుంటారు, వాళ్లే తెచ్చి అక్కడ పెడతారు. పై అరల్లో ఉన్న బొమ్మల పుస్తకాలు కింది అరలోకి దించడం, కుర్చీలకు బదులు చాపలు పరవడం, ఇవన్నీ ఖర్చులేని మార్పులే.

రెండోది, పిల్లకి తగిన పుస్తకం ఇవ్వడం. ఇది ఈ విద్యలో కెల్లా కష్టమైన భాగం. ఎనిమిదేళ్ల పిల్ల గుమ్మం దగ్గర నిలబడి, ‘అక్కా, బొమ్మలున్న పుస్తకమేదైనా ఇస్తావేటి?’ అని అడిగిందనుకోండి. ‘ఏ క్లాసు?’ అని అడగడం తేలిక. కాని క్లాసును బట్టి పుస్తకం ఇవ్వకూడదు. ఇంతకుముందు ఏ కథ నచ్చింది, ఇంట్లో ఎవరు కథలు చెబుతారు, కుక్కపిల్లలిష్టమా రాక్షసులిష్టమా అని కబుర్లలో పెట్టి తెలుసుకోవాలి. పుస్తకం కష్టమో కాదో చూడ్డానికి ఒక చిట్కా ఉంది. ఒక పేజీ పిల్లచేత చదివించి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనాలి. ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడప్పుడే వద్దు. అలాగని చేతిలోంచి లాక్కోకూడదు సుమండీ! బొమ్మలు చూస్తానంటే చూడనివ్వాలి.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. మన పిల్లలు ‘ఏటి’ అంటారు, ‘ఎలగ’ అంటారు. పుస్తకంలో మాట ఇంకోలా ఉంటుంది. ‘అలా కాదు, సరిగ్గా పలుకు’ అని మొదటిరోజే దిద్దితే ఆ పిల్ల మళ్లీ గుమ్మం తొక్కదు. నోటి మాటకు గౌరవం ఇవ్వాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో ఈ శ్రీకాకుళం దగ్గరే పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. కొండ ప్రాంతాల నుంచి వచ్చి పట్నం హాస్టళ్లలో చదువుకునే సవర, జాతాపు పిల్లలు ఈనాటికీ ఉన్నారు. వాళ్లలో ఒకరు గ్రంథాలయానికి వస్తే, ‘మీ ఊళ్లో చెప్పుకునే కథ ఒకటి మాకు చెప్పమ్మా’ అని అడగగలిగిన అమ్మాయి పని నేర్చుకున్నట్టే లెక్క.

మూడోది, కథ చెప్పడం. మన తెలుగు పిల్లలకు రేడియోలో అన్నయ్య, అక్కయ్య అయిపోయిన న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు కేవలం గొంతుతోనే వేలమంది పిల్లల్ని కూర్చోబెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టిందీ వాళ్లే. గ్రంథాలయంలో గొంతుతోపాటు పుస్తకమూ ఉంటుంది. వారానికొక రోజు, ఇరవై నిమిషాలకు మించకుండా కథాకాలం పెట్టుకోవాలి. చెప్పబోయే కథ ఇంటి దగ్గర రెండు మూడుసార్లు పైకి చదువుకోవాలి. అమ్మాయి మిమ్మల్ని కూర్చోబెట్టి వినిపిస్తుంది, కాస్త ఓపిక పట్టండి. పుస్తకాన్ని బొమ్మలు పిల్లలవైపు ఉండేలా పట్టుకోవాలి. కథ అయిపోయాక ‘ఇందులో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగరాదు. అడిగారో, అది మళ్లీ బడి అయిపోతుంది. కథ చెప్పిన పుస్తకం, దాని పక్కన అలాంటివే నాలుగు పుస్తకాలు చాపమీద వదిలేస్తే చాలు, చేతులు వాటంతటవే అటు పోతాయి.

నాలుగోది, మరమ్మత్తు. పిల్లల పుస్తకాలు చిరుగుతాయి. చిరగకుండా ఉన్నాయంటే ఎవరూ చదవలేదనే అర్థం. చాలామంది ప్లాస్టిక్ టేపు అంటించేస్తారు. అది కొన్నాళ్లకు పచ్చబడి, జిగురు కారి, కాగితాన్ని పాడుచేస్తుంది. పల్చని కాగితం, మైదా జిగురు వాడటం మేలు. ఊడిన అట్ట కుట్టడం బైండింగు చేసేవారి దగ్గర చూసి నేర్చుకోవచ్చు. సముద్రం దగ్గర ఊళ్లు మనవి, గాలిలో చెమ్మ ఎక్కువ. వానాకాలంలో బీరువా గోడకు ఆనించకుండా జరపడం, వారానికోసారి పుస్తకాలు విప్పి గాలి తగలనివ్వడం చేయకపోతే చెదలు, బూజు పట్టుకుంటాయి. ఇది గృహిణికి తెలియని విద్య కాదుగా!

ఐదోది, జాగ్రత్త. పిల్లలున్న గది కాబట్టి తలుపులు తెరిచే ఉంచాలి. పిల్లల ఫోటోలు తీసి ఫోనులో పంపడం లాంటివి తల్లిదండ్రులను అడగకుండా చేయరాదు. ఏ పిల్లనీ ఒంటరిగా బయటకు పంపకూడదు. శిక్షణకు వచ్చిన అమ్మాయి కూడా గ్రంథాలయంలో బాధ్యులైన పెద్దవాళ్లు ఉన్న వేళల్లోనే పనిచేయాలి. ఈ షరతు మీరే మొదట మాట్లాడుకోండి.

‘ఇదంతా బాగానే ఉంది, దీనివల్ల అమ్మాయికి ఒరిగేదేమిటి?’ అంటారా? ఉన్నమాట చెబుతాను. దీనికి జీతం వస్తుందని ఆశపెట్టుకోకూడదు. ఇంటర్న్‌షిప్ చేసినంత మాత్రాన ఉద్యోగమూ రాదు. ఉద్యోగం కావాలంటే దానికి వేరే చదువుంది. ఇంటర్ తర్వాత గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు, డిగ్రీ తర్వాత బి.ఎల్.ఐ.ఎస్సీ., ఆపైన ఎం.ఎల్.ఐ.ఎస్సీ. బడుల్లో, కళాశాలల్లో, గ్రంథాలయాల్లో పనికి వచ్చే చదువులివి. ఆ డబ్బూ, ఆ కాలమూ ఖర్చుపెట్టకముందే ఈ పని తన మనసుకు పడుతుందో లేదో రెండు నెలల్లో తేలిపోతుంది. పడకపోయినా నష్టం లేదు. నలుగురి ముందు గొంతు విప్పడం, లెక్క పద్దు సరిగా రాయడం, అల్లరి పిల్లవాణ్ణి అరవకుండా దారికి తేవడం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తాయి.

చేరడం ఎలాగంటే, ముందు కళాశాలలో ఇంటర్న్‌షిప్ చూసే అధ్యాపకుల్ని అడిగి, గ్రంథాలయాన్ని ఒప్పుకుంటారేమో తెలుసుకోవాలి. తరువాత జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిగారి పేర కళాశాల నుంచి ఉత్తరం పట్టుకెళ్లాలి. ఆ ఉత్తరంలో ‘ఏ పనైనా చేస్తాను’ అని రాయవద్దు. అలా రాస్తే పేపర్లు మడతపెట్టే పని తగులుకుంటుంది. ‘పిల్లల విభాగంలో పనిచేస్తాను, ఇన్ని రోజులు, ఈ వేళల్లో, వారానికొక కథాకాలం నడుపుతాను’ అని స్పష్టంగా రాయాలి. వేసవి సెలవులు మంచి అదను. గ్రంథాలయాల్లో పిల్లలకు వేసవి శిబిరాలు పెడుతూంటారు. లేదా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు ముందు చేరితే, ఆ వారంలో తను నేర్చుకున్నది చూపించవచ్చు.

ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి లేని తల్లులు, ఇది మాకు కాదనుకోవద్దు. మీలో ఎంతమంది బి.ఏ. పాసై, ఆ పట్టా పెట్టెలో పెట్టి ఊరుకున్నారో నాకు తెలుసు. పిల్లలు బడికి వెళ్లాక మిగిలే పూటల్లో వారానికి రెండు గంటలు కథ చెబుతామని మీరూ గ్రంథపాలకుణ్ణి అడగవచ్చు. అదీ కుదరకపోతే, వచ్చే ఆదివారం మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి సభ్యత్వం కట్టించండి. పిల్లల బీరువా ఎక్కడుందని అడగండి. తాళం వేసి ఉంటే, తెరిచి చూపించమని మర్యాదగా అడగండి. అడిగేవాళ్లు పదిమంది అయితే, అక్కడ ఒక మనిషి ఉండాలన్న సంగతి పైవాళ్లకూ తెలుస్తుంది. ఆ మనిషి మీ అమ్మాయే ఎందుకు కాకూడదు? ఆలోచించండి.